ముప్పై డిగ్రీల సమోసా

సీతాఫల్‌మండిలో గట్టయ్యను ఎరగని మనిషి లేడు. యూనివర్సిటీలో గట్టయ్యను ఎరిగిన మనిషి దాదాపుగా లేడు. పదకొండేళ్ళుగా అతను పొద్దున ఎనిమిది గంటలకు మొదటి చోట బయల్దేరి రెండో చోటికి నడుస్తున్నాడు. గడిచిన ఆరేళ్ళుగా ఆ మైలున్నర దారిలో, రైలు పట్టాలు దాటాక ఎక్కడో ఒకచోట, పర్మినెంటు నౌకరు కాస్తా దినసరి కూలీగా మారిపోయేవాడు. సాయంత్రం అదే దారిలో, అదే పట్టాల దగ్గర, మళ్ళీ పర్మినెంటయ్యేవాడు.

ఇదంతా ఒక ఖాకీ కోటు వల్ల వచ్చింది.

ఆరేళ్ళ కిందట చలికాలంలో జుమ్మెరాత్ బజారుకు పోయి పాత ఖాకీ కోటు ఒకటి కొన్నాడు. ఏ రైల్వే గార్డు ఒంటి మీద నుంచి దిగిందో గాని, ఐదు ఇత్తడి గుండీల్లో నాలుగు ఇంకా ఉన్నాయి. అది తొడుక్కుని బస్తీలోకి వస్తుంటే, నల్లా దగ్గర బిందె పెట్టుకుని కూర్చున్న రాములవ్వ తల పైకెత్తి, "ఏంది గట్టయ్యా, పర్మినెంటయినవా?" అని అడిగింది. గట్టయ్య చలికి వణుకుతున్నాడు. కోటు సంగతి, బజారు సంగతి, గుండీల సంగతి వివరంగా చెప్పాలంటే నోరు తెరిచి ఉంచాలి, లోపలికి చలి పోతుంది. అందుకని "ఆఁ" అన్నాడు.

అంతే. ఒక్క అక్షరం. మరునాటికి నల్లా చుట్టూ ఉన్న ఇరవై ఇళ్ళకూ అది చేరిపోయింది. అతని భార్య లింగమ్మకు నిజం తెలుసు. అయినా, వచ్చి అడిగిన ఇరవై మందికీ కాదని చెప్పడం కంటే ఇరవై బెల్లం ముక్కలు పంచిపెట్టడమే తేలికని ఆమెకు తోచింది. పదిహేను రోజులు తిరగకుండా జనగామ పక్క ఊరి నుంచి అత్త బుచ్చవ్వ జొన్నల మూటతో దిగింది. పర్మినెంటు అల్లుణ్ణి చూసి పోదామని వచ్చిన ఆ ముసలమ్మ, తానే ఆ ఇంట్లో పర్మినెంటయింది.

చదువుకున్నవాళ్ళు ఇలాంటిదాన్ని అబద్ధం అంటారు. వాళ్ళు చెప్పేవాటికి మాత్రం నివేదికలని, యోగ్యతా పత్రాలని వేరే పేర్లుంటాయి. గట్టయ్య దగ్గర అలాంటి పేర్లు లేవు, కోటు ఒక్కటే ఉంది. ఎండాకాలంలో కూడా దాన్ని తొడుక్కుని ఇంట్లోంచి బయల్దేరేవాడు. పట్టాలు దాటగానే విప్పి భుజాన వేసుకునేవాడు.

అతని పని రంపాలకు పదును పెట్టడం. తార్నాక వైపు గేటు దగ్గర యూనివర్సిటీ తోటల విభాగానికి ఒక రేకుల షెడ్డు ఉంది. ఆ షెడ్డు వెనక రెండు చెక్కల మధ్య రంపాన్ని బిగించి, చెక్కల్ని కాళ్ళతో అదిమిపట్టి, మూడంచుల ఆకురాయితో ఒక్కో పన్నునూ రాసేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆకురాయిని ముందుకూ వెనక్కూ రుద్దుతారు. గట్టయ్య అలా చెయ్యడు. పోయేటప్పుడు రుద్దుతాడు, వచ్చేటప్పుడు లేపుతాడు. ఒక పన్నుకు మూడు రుద్దులంటే అన్నిటికీ మూడే. మధ్యలో వైస్ ఛాన్సలర్ వచ్చి పిలిచినా లెక్క పూర్తయ్యేదాకా తల ఎత్తడు. వైస్ ఛాన్సలర్ ఎప్పుడూ పిలవలేదు కాబట్టి ఆ మాట ఎంతవరకు నిజమో తేలలేదు.

పంటి వాలు ఎంత ఉండాలనేది మాత్రం అతను ఎవరికీ చెప్పలేకపోయేవాడు. పచ్చి కర్ర అయితే వాలు కొంచెం ఎక్కువ పెట్టేవాడు, ఎండు కర్ర అయితే తగ్గించేవాడు. కొయ్యాల్సిన దుంగను ముందు వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి వినేవాడు, పొట్టు చిటికెడు తీసి నోట్లో వేసుకునేవాడు. ఆ తరువాత చెయ్యి తనంతట తానే వంగేది. తార్నాక చౌరస్తాలో ఉన్న వడ్రంగులు శుక్రవారం శుక్రవారం తమ రంపాలు తెచ్చి అతని ముందు పడేసేవాళ్ళు. ఎంత వాలు పెట్టావని వాళ్ళూ అడగలేదు. రంపం తెగుతుంటే ఎవడడుగుతాడు?

అడిగే మనిషి ఒకాయన వచ్చాడు. ఆయన తోటల సూపరింటెండెంటు సోమయాజులు.

సోమయాజులుది కోనసీమ. వృక్షశాస్త్రం చదివాడు. మంచివాడే, కాని కొలవనిదేదీ నమ్మడు. కొడుకు జామెట్రీ పెట్టెలోంచి తెచ్చుకున్న కోణమానిని ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో ఉండేది. గులాబీ కొమ్మను కత్తిరిస్తే కోత ఎన్ని డిగ్రీలు వాలిందో చూసేవాడు. మాలి సలాము కొడితే మోచెయ్యి ఎన్ని డిగ్రీలు వంగిందో చూస్తాడని మాలీలు చెప్పుకునేవాళ్ళు. అది అన్యాయం, ఆయన ఒక్కసారే చూశాడు.

ఆయన హయాంలోనే పశ్చిమ జర్మనీ నుంచి పెట్రోలుతో నడిచే గొలుసు రంపం ఒకటి వచ్చింది. పొడుగాటి ఇనప బద్ద, దాని అంచు చుట్టూ సైకిలు గొలుసు లాంటి గొలుసు, ఆ గొలుసుకు పళ్ళు. ఒక పన్ను ఎడమకు చూస్తుంది, దాని తరువాతది కుడికి చూస్తుంది. అది వచ్చిన రోజు దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టి, కొబ్బరికాయ కొట్టారు. ట్రాక్టరు డ్రైవరు ఉప్పలయ్య ఒక్కడికే దాన్ని పట్టుకునే గుండె ధైర్యం ఉంది. అతను తాడు లాగి మొదలుపెట్టగానే నిమ్మకాయ ముక్కలై సోమయాజులు కళ్ళజోడు మీద పడింది. కుంకుమ మాత్రం నూనెతో కలిసి గొలుసు సందుల్లో నెలరోజులు ఉండిపోయింది. ఏ చెట్టు కొట్టినా మొదలంతా ఎర్రగా అయ్యేది. బి.ఏ. పిల్లలు చూసి అయ్యో అనుకునేవాళ్ళు.

పద్దెనిమిది నెలలు ఆ రంపం బాగానే తిరిగింది. అరవై ఎనిమిది నవంబరులో ఉప్పలయ్య ఒక ఎండిన వేపచెట్టు మోడును నేలబారుగా కొయ్యబోయాడు. హైదరాబాదు నేలలో జానెడు కిందికి పోతే బండ ఉంటుంది. ఆ చోట జానెడు కూడా లేదు. రంపం కెవ్వుమని అరిచింది, నిప్పురవ్వలు లేచాయి. ఆ తరువాత దాన్ని దుంగ మీద పెడితే పొట్టు రావడం మానేసి పొగ రావడం మొదలైంది. కొత్త గొలుసు కోసం బొంబాయికి రాస్తే, మీ ఉత్తరం అందింది, మరో ఉత్తరం రాస్తాము అని ఉత్తరం వచ్చింది.

సోమయాజులు పైవాళ్ళతో నాలుగు వారాలు పోట్లాడి గొలుసుకు పదును పెట్టడానికి ఒక ఉద్యోగం మంజూరు చేయించాడు. ఒక్కటే ఉద్యోగం. పర్మినెంటు. దానికి ఇద్దరు మనుషులు. ఒకడు గట్టయ్య. రెండోవాడు బుచ్చిబాబు, సోమయాజులు భార్యకు అక్క కొడుకు, కాకినాడలో ఐ.టి.ఐ. చదివి సర్టిఫికెట్‌తో దిగినవాడు. ఉద్యోగం ఎవరికొస్తే రంపాలన్నీ ఇక వాళ్ళవే, జనవరి ఒకటి నుంచి రెండో మనిషి అక్కర్లేదు అని కాగితం మీద రాసి ఉంది. బుచ్చిబాబుకు అది రాకపోతే మరొకటి వస్తుంది. గట్టయ్యకు రాకపోతే షెడ్డు వెనక రెండు చెక్కలు కూడా ఉండవు. ఖాకీ కోటు తొడుక్కుని పొద్దున్నే బయల్దేరి ఎక్కడికి పోవాలి? సాయంత్రం దాకా కాచిగూడ స్టేషనులో కూర్చుని రావడమా? మూడు రాత్రులు లింగమ్మ, అతను గుసగుసగా ఇదే మాట్లాడుకున్నారు. బుచ్చవ్వ పక్క గదిలో కాదు, పక్కనే పడుకుంటుంది, అందుకే గుసగుస.

భార్య తరపు బంధుత్వానికి లొంగాడన్న మాట పడకూడదని సోమయాజులు పరీక్ష పెట్టాడు. ఒకే గొలుసు. పొద్దున బుచ్చిబాబు పదును పెడతాడు, మధ్యాహ్నం గట్టయ్య పెడతాడు. ప్రతిసారీ ఉప్పలయ్య వేపదుంగ నుంచి ఒక బిళ్ళ కోస్తాడు. బిళ్ళ మందం నాలుగు వైపులా కొలుస్తారు. ఎవరి బిళ్ళ సమంగా ఉంటే వాళ్ళదే ఉద్యోగం.

పరీక్షకు ముందురోజు ఆయన గట్టయ్యను గదిలోకి పిలిచాడు. జర్మను పుస్తకంలో బొమ్మ చూపించి, ఆకురాయి బద్దకు అడ్డంగా కాకుండా ముప్పై డిగ్రీలు వాలి ఉండాలన్నాడు. ముప్పై డిగ్రీలంటే తెలుసునా అని అడిగాడు.

"తెల్వది సార్," అన్నాడు గట్టయ్య. "బొమ్మ ఇంకోపారి సూపియ్యండ్రి."

బొమ్మను చాలాసేపు చూశాడు. తలకాయ ఇటు వంచాడు, అటు వంచాడు. తరువాత, "గిది సమోసాల సగం సార్," అన్నాడు.

సోమయాజులు కళ్ళజోడు తుడుచుకున్నాడు. గట్టయ్య వివరం చెప్పాడు. తార్నాక చౌరస్తాలో ఇరానీ హోటలు ఉంది. అక్కడి ఉస్తాదు ఉల్లిగడ్డ సమోసాలు మడుస్తాడు. పదకొండేళ్ళుగా చూస్తున్నాడు, మూడు మూలలూ ఒక్కలాగే ఉంటాయి, వెంట్రుక తేడా రాదు. ఒక మూల నుంచి నిట్టనిలువుగా నడిమికి కోస్తే వచ్చే సగం ముక్క మొన, ఈ బొమ్మలో ఉన్న వాలు, రెండూ ఒకటే.

ఆయన నమ్మలేదు. ఆధారం కావాలన్నాడు. అవి రంజాను రోజులు కాబట్టి పగలు హోటలు ముందు పరదా ఉంటుంది, పొయ్యి సాయంత్రం గాని వెలగదు. గట్టయ్య సాయంత్రం పరుగున పోయి ఒక సమోసా తెచ్చాడు, కొడవలితో నడిమికి కోశాడు. సోమయాజులు ఉల్లిపాయ ముట్టడు. అందుకని గట్టయ్య సమోసా పట్టుకుంటే, ఆయన మూరెడు దూరంలో నిలబడి, ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో కోణమానిని చాచి కొలిచాడు. ముప్పై. మరోవైపు తిప్పించి కొలిచాడు. ముప్పై. ఆయన మొహం చూస్తే విశ్వవిద్యాలయాల్లో తాను ఖర్చు పెట్టిన ఏళ్ళన్నీ ఒక్కసారి గుర్తొచ్చినట్టుంది.

"ఇది కొలబద్దగా వాడుకోవచ్చునోయ్," అని కాగితం మీద రాసి సంతకం కూడా చేశాడు. "కాని ఇదే వాడాలి. మధ్యలో మార్చకూడదు," అని అదీ ఆ కాగితంలోనే చేర్చాడు.

ఒక సగం గట్టయ్య దారిలో తినేశాడు. రెండో సగాన్ని పాత పేపరులో, ఒక తలనూనె ప్రకటన మీద పెట్టి, పెళ్ళి ఉంగరాన్ని చుట్టినంత జాగ్రత్తగా మడిచి, షెడ్డులో తన ఆకురాళ్ళ డబ్బా మీద పెట్టాడు. తెల్లారేసరికి అది గట్టిపడి మరింత పనికొచ్చేటట్టు తయారైంది.

పరీక్ష రోజు పొద్దున బుచ్చిబాబు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. బాబాయి కోణమానిని తీసుకుని ప్రతి పన్ను దగ్గరా పెట్టి చూశాడు. వాలు ముప్పైకి తగ్గలేదు, ముప్పైకి మించలేదు. కాని అతను రుద్దులు లెక్కపెట్టలేదు. ఐ.టి.ఐ. పుస్తకంలో డిగ్రీల గురించి ఉంది, లెక్కపెట్టడం గురించి లేదు. ఎడమవైపు పళ్ళు పద్నాలుగూ చలచల్లటి పొద్దున ఉత్సాహంగా, మెరిసేదాకా రుద్దాడు. కుడివైపుకు వచ్చేసరికి ఎండ ఎక్కింది, చెయ్యి నొప్పి పుట్టింది, పన్నుకు రెండేసి రుద్దులతో సరిపెట్టాడు. దాంతో ఎడమ పళ్ళు పొట్టివయ్యాయి, కుడి పళ్ళు పొడుగ్గా మిగిలాయి.

ఉప్పలయ్య తాడు లాగాడు. రంపం దుంగలోకి దిగడం మాత్రం బ్రహ్మాండంగా దిగింది. సగం పోయాక పొడుగు పళ్ళున్న వైపుకు ఈడ్చుకుపోవడం మొదలుపెట్టింది. ఉప్పలయ్య ఇటు లాగుతున్నాడు, అది అటు పోతోంది, తాగిన మనిషిని ఇంటికి తీసుకుపోతున్నట్టుంది చూసేవాళ్ళకు. బిళ్ళ కింద పడ్డాక కొలిస్తే ఒక అంచు నాలుగు వేళ్ళ మందం, ఎదుటి అంచు ఒక వేలు. నిలబెడితే తలుపు కింద పెట్టే చెక్కలాగా ఉంది. సోమయాజులు నోటు పుస్తకంలో రాసుకున్నాడు.

మధ్యాహ్నం గట్టయ్య వంతు. అతను ముందు గోటితో పళ్ళన్నిటినీ తడిమి చూశాడు. ఎడమ పళ్ళు పొట్టివని తెలిసింది. వాటికి ఒక్కో రుద్దు చాలు. అసలు పనంతా కుడివైపు ఉంది, ఆ పద్నాలుగు పళ్ళనూ వాలు చెడకుండా వీటి పొట్టితనానికి దించాలి. సమోసా తిన్నటి అంచును బద్దకు అడ్డంగా ఉంచి, వాలు అంచు వెంట ఆకురాయి పెట్టి, ఎడమవైపు పూర్తిచేశాడు. ఆకురాయి సందుల్లో ఇనప రజను ఇరుక్కుంది. సమోసాను పేపరు మీద పెట్టి, ఆకురాయిని తీగ బ్రష్షుతో దులుపుకోవడానికి షెడ్డు ముందున్న నల్లా దగ్గరికి పోయాడు.

పరీక్ష కంగారులో ఆ పొద్దున అతను సద్దిగిన్నె ఇంట్లోనే మరిచాడు. లింగమ్మ రేషను దుకాణం వరసలో ఉంది. యూనివర్సిటీలోకి రావాలంటే పాసు కావాలని, లేకపోతే పట్టుకుంటారని ఆరేళ్ళుగా అల్లుడు చెప్పి ఆపిన బుచ్చవ్వ, అల్లుడు ఆకలితో ఉంటాడని ఆ మాట పక్కన పెట్టి, గిన్నె తలమీద పెట్టుకుని సీతాఫల్‌మండి నుంచి నడుచుకుంటూ వచ్చేసింది. దారిలో ఆమెను ఎవరూ పట్టుకోలేదు. ఇద్దరు ఎం.ఏ. పిల్లలు రోడ్డు దాటించారు కూడా.

గట్టయ్య నల్లా దగ్గర నుంచి తిరిగి వచ్చేసరికి అత్త అతని చెక్కల పక్కన చతికిలబడి ఉంది. చేతిలో ఉప్పలయ్య ఇచ్చిన చాయ్ సాసరు. నోరు నెమ్మదిగా ఆడుతోంది. బుచ్చవ్వకు ఉన్నవి రెండే పళ్ళు, ఒకటి పైన, ఒకటి కింద. అవి రెండూ ఒకదానికొకటి ఎన్నడూ తగలవు. అందుకని ఏదైనా తినాలంటే చాలాసేపు పడుతుంది.

గట్టయ్య పేపరు వైపు చూశాడు. పేపరు ఖాళీగా ఉంది.

"ఏం తింటున్నవ్ అత్తా?" అన్నాడు.

"గా పేపర్ల సగం ముక్క పడి ఉండె అల్లుడా. ఎవలో ఎంగిలిది ఇడిసిపెట్టిన్రు అనుకున్న. రాయిలెక్క ఉన్నది, చాయల ముంచిన."

సోమయాజులు నోటు పుస్తకంతో వచ్చి నిలబడ్డాడు. కొలబద్ద ఏదని అడిగాడు. గట్టయ్య అత్త గొంతు వైపు చూశాడు. ఆ గొంతులో ఏదో కిందికి దిగింది. సోమయాజులుకు అర్థమయింది.

బుచ్చిబాబు ముందుకొచ్చాడు. చెడ్డవాడు కాదు, కాని అతని బిళ్ళ ఇంకా అక్కడే, అందరికీ కనపడేటట్టు పడి ఉంది. కొలబద్ద మార్చకూడదని మీరే సంతకం చేశారు కదా అని గుర్తు చేశాడు. "కొలబద్ద లేనప్పుడు పరీక్ష లేదండి బాబాయ్‌గారూ. అయినా ఇతనేం పర్మినెంటు మనిషా, పదకొండేళ్ళుగా దినసరి కూలీయే. ఒకటో తారీకు పేరు కొట్టేస్తే పోయె."

బుచ్చవ్వ నోరు ఆడడం ఆగిపోయింది.

గట్టయ్య నేల వైపు చూశాడు. చెయ్యి నమ్ముకుని కుడి పళ్ళు రాసెయ్యగలడు, కాని సంతకం పెట్టిన కాగితం చేతివాటాన్ని ఒప్పుకోదు. ఉస్తాదు పొయ్యి వెలిగేది సూర్యుడు దిగాక. పరీక్ష నాలుగు గంటలకు ముగుస్తుంది. ఆరేళ్ళు మోసిన కోటు అప్పుడు భుజం మీదే ఉంది. అది ఎన్నడూ అంత బరువనిపించలేదు.

బుచ్చవ్వ ఒకరి మొహం తరువాత ఒకరి మొహం చూసింది. అల్లుడు దినసరి కూలీ అన్న ముక్క, తను తిన్న ముక్క వల్ల ఏదో పోతోందన్న సంగతి, రెండూ ఒకేసారి ఆమె తలలోకి దిగినట్టున్నాయి. ఏ ముసలమ్మ అయినా ఏడ్చేది. ఆమెకు కోపం వచ్చింది. పేపరు తీసి సోమయాజులు మొహం ముందు ఆడించింది.

"నేనేం తిన్న అయ్యా? గండ్ల ఏమున్నది తినేటందుకు? నూనె అంత గీ పేపరే తాగె. సూడు, ముక్క ముక్క లెక్కనే ఉన్నది గీడ."

గట్టయ్య తల ఎత్తాడు.

తలనూనె ప్రకటన మీద, పొడుగు జడ అమ్మాయి చెవి పక్కన, సగం సమోసా ఉంది. రాత్రంతా అక్కడే కదలకుండా పడుకుని తన ఆకారమంతా నూనెతో గీసిపెట్టింది. తిన్నటి అంచు తిన్నగా ఉంది. వాలు అంచు వాలుగా ఉంది. మొన సూది మొనలా ఉంది. పేపరు ఎండకు పట్టుకుంటే మరక వెనక వైపుకు కూడా కనపడుతోంది. ఇటు చూస్తే ఎడమ పన్ను, అటు తిప్పితే కుడి పన్ను.

సోమయాజులు కోణమానిని తీశాడు. ఈసారి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకోలేదు. మరక మీద పెట్టాడు. చాలాసేపు వంగి చూశాడు. నడుము పైకి లేచాక ఆయన కళ్ళు మెరిశాయి.

"అదే సమోసా," అని తీర్పు చెప్పాడు. "ద్రవరూపంలో."

గట్టయ్య మరక వెంట పేపరును చించి, వెనక్కి తిప్పి బద్దకు ఆనించాడు. కుడి పళ్ళకు ఏడేసి రుద్దులు. పోయేటప్పుడు రుద్దడం, వచ్చేటప్పుడు లేపడం. తొమ్మిదో పన్ను దగ్గర బుచ్చిబాబు ఏదో అడిగాడు, పదో పన్ను దగ్గర సోమయాజులు తుమ్మాడు, పన్నెండో పన్ను దగ్గర అత్త గట్టిగా నిట్టూర్చింది. లెక్క తప్పలేదు. చివర్న గోటితో ఇరవై ఎనిమిదీ తడిమాడు. దుంగను వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాడు. అది అవసరం లేదు, కాని కొట్టాడు.

ఉప్పలయ్య తాడు లాగాడు. పొగ లేదు. వేప పొట్టు అటుకుల్లాగా ఎగిరి సోమయాజులు జేబులో పడింది. రంపం ఎటూ లాగకుండా, నీళ్ళలోకి రాయి దిగినట్టు తిన్నగా కిందికి దిగింది. బిళ్ళను నాలుగు వైపులా కొలిచారు. తరువాత ఎనిమిది వైపులా కొలిచారు. బుచ్చిబాబు కూడా కొలిచి, "నాకసలు ఆ చప్పుడంటేనే భయమండి," అని నిజం చెప్పాడు.

సోమయాజులు అక్కడే నిలబడి, ఇవాళ్టి నుంచి నువ్వు పర్మినెంటువోయ్ అన్నాడు. ఆ మాట ఆరేళ్ళుగా బస్తీలో గట్టయ్య వినని రోజు లేదు. కాని నిజంగా అన్నప్పుడు ఎలా ఉంటుందో అతనికి తెలియదు. ఏం చెయ్యాలో తోచక కోటు తొడుక్కున్నాడు.

సమోసా పేపరు ముక్కను గట్టయ్యకు తిరిగి ఇవ్వలేదు. అది ఇప్పుడు ప్రామాణిక నమూనా అయింది. దాన్ని ఒక ఫైలులో పెట్టి, ట్యాగు కట్టి, నంబరు వేశారు. ఫైలు అన్నాక దాన్ని చూసుకునే గుమాస్తా కావాలి. పైవాళ్ళు ఈసారి ఒక్క వారం కూడా పోట్లాడించకుండా గుమాస్తా పోస్టు మంజూరు చేశారు, అందులో బుచ్చిబాబును వేశారు. అదీ పర్మినెంటే. అతనికి పదకొండేళ్ళు పట్టలేదు, పదకొండు రోజులు పట్టింది. ఆ తరువాత గట్టయ్యకు వాలు చూసుకోవాలని ఉన్నప్పుడల్లా బుచ్చిబాబుకు అర్జీ పెట్టుకోవాల్సి వచ్చేది. అందుకని అతను చూసుకోవడం మానేసి చెయ్యి ఎటు వంగితే అటు రాసేవాడు. రంపం తిన్నగానే తెగేది. ఫైలు భద్రంగా ఉండేది. పరిపాలన అంటే ఇదే కాబోలు.

పరీక్ష జరిగిన ఆ సాయంత్రం మాత్రం అత్తా అల్లుడూ కలిసి ఇంటికి నడిచారు. గట్టయ్య చౌరస్తాలో జిలేబీ పొట్లం కట్టించుకున్నాడు. కట్టించుకున్నాక గుర్తొచ్చింది, దీన్ని ఎవరికి పంచాలి? బస్తీలో అందరికీ తను పర్మినెంటయి ఆరేళ్ళయింది. అప్పుడే బెల్లం తిన్నారు. ఇప్పుడు ఏమని చెప్పి పంచుతాడు? జన్మలో ఒక్కసారి నిజంగా చెప్పుకోదగ్గ మాట వచ్చింది, చెప్పుకోవడానికి లేదు.

బుచ్చవ్వ ముందు నడిచి పట్టాలు దాటింది. దాటాక, "మరి నిన్నటిదాంక ఏందివి అల్లుడా?" అంది.

గట్టయ్య పొట్లం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నాలుగడుగులు వేశాక ఆమె కొంగుతో అతని కోటు మీది వేప పొట్టు దులిపింది. లేని ఐదో గుండీ చోట వేలు పెట్టి చూసింది. రేపు ఒకటి కుడతానంది. అదీ ఇత్తడిదే దొరకాలంది.

నల్లా దగ్గర రాములవ్వ బిందె పెట్టుకుని కూర్చుని ఉంది. ఆరేళ్ళలో ఆమె అక్కడి నుంచి లేచినట్టు లేదు. జిలేబీ పొట్లం చూసి, ఏంది విశేషమని అడిగింది. గట్టయ్య నోరు తెరిచాడు. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామనుకున్నాడు. కోటు, బజారు, ఆరేళ్ళు, సమోసా, అన్నీ. ఇవాళ చలి కూడా అంతగా లేదు.

అతని కంటే ముందు బుచ్చవ్వ అందుకుంది. "మా అల్లునికి పరమోషను అయింది," అంది. "పెద్ద సారు నా మొకం మీదనే చెప్పిండు."

రాములవ్వ బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. ఆమె చూసుకోలేదు. గట్టయ్యను కిందినుంచి పైదాకా చూసి, "అయితే ఇగ మేస్త్రివా గట్టయ్యా?" అని అడిగింది.

అత్త మోచెయ్యి అతని డొక్కలో తగిలింది. అది ఎన్ని డిగ్రీలు వంగిందో కొలిచేందుకు సోమయాజులు అక్కడ లేడు.

"ఆఁ," అన్నాడు గట్టయ్య.